గాజుల బానో అపెండిక్స్

శ్రీరాంపూర్ బొగ్గు గనుల కాలనీల్లో షహర్ బానోకు తన చెయ్యి ఇవ్వని ఆడమనిషి దొరకడం కష్టం. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన ఏడాది నుంచీ ఆమెది గాజుల బేరమే. భుజాన మలారం వేలాడుతుంటుంది, అంటే తాళ్ళకు గుచ్చి కట్టలు కట్టిన గాజులన్నమాట. నెత్తి మీద గంప. ఆమె క్వార్టర్ల వరసలోకి మలుపు తిరిగిందంటే, రాత్రి షిఫ్టు దిగి పడుకున్న మగవాళ్ళు ఆ గలగలకు దుప్పటి ముఖం మీదికి లాక్కుంటారు. ఆడవాళ్ళు పొయ్యి మీది కూరకు మంట తగ్గించి గుమ్మంలోకి వస్తారు.

గాజులు అమ్మడం వేరు, గాజులు వేయడం వేరు. అమ్మేవాళ్ళు మంచిర్యాల బజారు నిండా ఉన్నారు, అద్దాల బీరువాల్లో లైట్లు పెట్టి మరీ అమ్ముతారు. వేయడమనేది చేతిపని. ఎదుటి మనిషి చేతిని మెత్తగా పిసికి, బొటనవేలి కింది కండను లోపలికి మడిచి, నాలుగు వేళ్ళనూ ఒక్కటిగా కూర్చి, గాజు పగలకుండా, చర్మం గీరుకోకుండా మణికట్టు దాటించాలి. అందులో సగం పని నోటిది. "మీ అత్త మళ్ల వచ్చిందట గద" అని బానో అంటుంది. "అవునక్కా, వచ్చి ఏం జేసిందో ఎర్కేనా" అని ఆ పిల్ల అందుకునేలోపు గాజు ఎక్కి కూర్చుంటుంది. అత్తల మీద కోపం గాజుల బేరానికి చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు. ఎవరూ లెక్కగట్టలేదు గానీ, కడితే పెద్దదే అవుతుంది.

ఇంకో సంగతి ఉంది, అసలు సంగతి అదే. కాలనీల్లో ఎవరింట్లో శ్రీమంతం జరిగినా, కడుపుతో ఉన్న పిల్ల చేతికి మొదటి గాజు వేసేది బానోనే. పసుపు కాళ్ళతో పీట మీద కూర్చున్న పిల్ల ఎదుట, కుంకుమ పళ్ళేల మధ్య, నల్ల బురఖా ముఖం మీంచి వెనక్కి వేసుకుని ఒక తురక మనిషి కూర్చోవడం బయటివాళ్ళకు వింతగా ఉంటుందేమో. ఇక్కడ ఎవరికీ అనిపించలేదు. బానోది చల్లని చెయ్యి, ఆమె వేస్తే కాన్పు సుఖంగా అవుతుందని పేరు. పని అయ్యాక ఒడిలో బియ్యం, బెల్లం, రవికె గుడ్డ పెడతారు. బియ్యం వండుకు తినేస్తారు, బెల్లం చీమలకు కొంతా మనుషులకు కొంతా పోతుంది. రవికె గుడ్డలు మాత్రం బానో ఒక్కటీ కుట్టించుకోలేదు. ఇనప పెట్టెలో మడతలు పెట్టి దాచుకుంది. ఎప్పుడైనా మనసు బాగా లేకపోతే ఆ పెట్టె తెరిచి, ఇది ఫలానా పిల్లది, దానికి కవలలు, ఇది ఫలానా వాళ్ళది, వాళ్ళ పిల్లగాడు ఇప్పుడు పోలీసు అని చెప్పుకుంటూ మళ్ళీ మడతపెడుతుంది.

అట్లాంటి బానోకు నలభై ఆరో ఏట గర్భసంచిలో గడ్డలు తేలాయి.

తేలేలోపు ఆమె చాలాకాలం దాచింది. నెలసరి వస్తే పోదు, పోతే పది రోజులకే మళ్ళీ వస్తుంది. ముదురు రంగు బట్టలే కట్టింది, గంపలో అడుగున ఇంకో జత పెట్టుకు తిరిగింది. ఒకనాడు ఎవరింటి గుమ్మంలోనో గంప దించుతూ దించుతూ తానూ కూలబడిపోయింది. గాజులు కొన్ని పగిలాయి. లేచాక మొదట గాజులనే లెక్క చూసుకుంది. కూతురు లైబా మంచిర్యాలలో డిగ్రీ చదువుతోంది. తల్లి ముఖం సున్నం కొట్టిన గోడలా ఉండడం చూసి, ఇక మాట వినకుండా కరీంనగర్ బస్సెక్కించింది.

కరీంనగర్‌లో ఒక వీధికి వీధే ఆసుపత్రులు. బోర్డుల మీద డాక్టర్ల పేర్ల వెనక ఉన్న అక్షరాలు చదువుతూ పోతే ఒక పొద్దు గడిచిపోతుంది. అందులో ఒక ఆసుపత్రిలో నవనీత అనే డాక్టరమ్మ ముందు మందులిచ్చింది, రెండు మూడు నెలలు చూసింది. రక్తం ఆగలేదు. స్కానింగ్ కాగితం లైటుకు పట్టి, "గడ్డలు నాలుగున్నయమ్మా. పెద్దది బత్తాయంత ఉంది" అంది.

ఆడవాళ్ళ కడుపులోని గడ్డలను డాక్టర్లు పండ్లతో ఎందుకు కొలుస్తారో తెలియదు. నిమ్మకాయంత, బత్తాయంత, కొబ్బరికాయంత. మగవాళ్ళ కిడ్నీలో రాళ్ళకు మాత్రం మిల్లీమీటర్లు చెబుతారు. బానో భర్త చాంద్‌పాషా పరుపులు కుట్టేవాడు, నెమ్మదైన మనిషి. ఆ రోజు నుంచి అతను బత్తాయి ముట్టలేదు.

"తీసెయ్యాల్నా?" అని అడిగాడు.

"తీసెయ్యాలె. రక్తం ఆరుకు పడింది. ముందు రక్తం పెరగాలె, అప్పుడే ఆపరేషన్."

లైబాకు అంత తొందరగా నమ్మకం కుదరలేదు. ఈ జిల్లాల్లో నడుం నొప్పి అని పోయిన ముప్పై ఏళ్ళ మనిషికి కూడా గర్భసంచి తీసి పంపిన కథలు ఆ పిల్ల బోలెడు విన్నది. అదే స్కానింగ్ కాగితం పట్టుకుని సర్కారు దవాఖానలో ఇంకో డాక్టర్‌కు చూపించింది. ఆయన కూడా తీయాల్సిందే అన్నాడు. ఇద్దరు డాక్టర్లు ఒకే మాట చెప్పడం ఎప్పుడో గానీ జరగదు కాబట్టి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, ఒక్క బానో తప్ప.

ఆమెకు కత్తి భయం లేదు. భయమంతా వేరే.

"గర్భసంచి లేనామెతోని ఎవలు ఏయించుకుంటరే గాజులు?" అంది కూతురితో. "ఉత్త బేరమైతే ఏయించుకుంటరు. శ్రీమంతానికి పిలుస్తరా? కడుపుతోనున్న పిల్ల చెయ్యి ఉత్త కడుపుదాని చేతుల పెడ్తరా?"

"అమ్మీ, గర్భసంచికి, గాజులకు ఏం సంబంధం?"

"నీకు సదువుంది, సంబంధం లేదు. వాళ్లకు ఉంటది."

పైగా శంకరవ్వ కోడలు మమతారాణికి అప్పుడు ఐదో నెల. శంకరవ్వ రిటైరైన గని కార్మికుడి భార్య, వెనక లైనులో ఉంటుంది, మాటకు కాలనీలో బరువున్న మనిషి. మమతారాణికి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కడుపు నిలిచింది. అందుకోసం కొండగట్టు అంజన్నకు ముడుపులు కట్టారు, దర్గాలో చాదర్ ఇస్తామని మొక్కారు, హైదరాబాద్ డాక్టర్లనూ వదల్లేదు. ఎవరి వల్ల అయిందో తేల్చుకోలేక అందరికీ మొక్కు తీర్చారు. "ఏడో నెల పడంగనే గాజులు నువ్వే ఏయాలె బానో, ఇప్పుడే చెప్తున్న" అని శంకరవ్వ ముందే మాట తీసుకుంది. ఆ ఒక్క శ్రీమంతం కోసం బానో పచ్చ గాజులు ప్రత్యేకంగా తెప్పించి పెట్టింది కూడా.

"ఎవలడిగినా అపెండిక్స్ అని చెప్పుర్రి" అని ఇంట్లో తీర్మానం చేసింది. "అపెండిక్స్‌కు ఆడ మగ లేదు. అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

చాంద్‌పాషాకు అబద్ధం ఆడటం చేతకాదు. ఎవరైనా అడిగితే "అదే, గదే" అని నీళ్ళు నమిలేవాడు. ఆపరేషన్ దాకా అతనికి తోచిన పని రెండే. మొదటిది తిండి. రక్తం పెరగాలని పొద్దున బెల్లం పల్లీలు, మధ్యాహ్నం బీట్‌రూట్, వారానికి రెండుసార్లు మేక కార్జం వేయించి పెట్టించాడు. నడుమ దవాఖానకు పోయి సూదులు. రెండోది దిండు. ఆపరేషన్ అయ్యాక దగ్గొచ్చినా నవ్వొచ్చినా పొట్టకు ఒక చిన్న దిండు అదిమి పట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అంగట్లో కొనమంది. పరుపులు కుట్టేవాడి పెళ్ళానికి అంగట్లో దిండా? మేలిరకం బూరుగు దూది ఏరి, గింజ తగలకుండా ఏకి, గులాబీ రంగు గుడ్డలో కుట్టాడు. పిల్లి పిల్లంత ఉంది అది.

ఆపరేషన్ నాటి పొద్దున వార్డులో పేచీ వచ్చింది, గాజుల దగ్గరే. నగలన్నీ తీసేయాలి, చేతుల మీద ఏమీ ఉండకూడదు. బానో చేతులకు ముంజేతి సగం దాకా గాజులు. మంచి గాజు అంటే బిగువుగా పట్టి ఉండాలన్నది ఆమె సిద్ధాంతం, ఇరవై ఏళ్ళుగా కాలనీకి చెబుతున్నది అదే. ఆ సిద్ధాంతం ఇప్పుడు నర్సుకు అడ్డం తిరిగింది.

"రావట్లేదక్కా. పగలగొట్టాల్సిందే" అంది నర్సు.

మొగుడు బయట బెంచీ మీద కూర్చుని ఉండగా గాజులు పగలగొట్టడమా? వార్డులో ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్ళూ ఒక్కసారి ఆ వైపు తిరిగారు. వాళ్ళకూ అదే కష్టం వచ్చిపడేలా ఉంది మరి.

"బిడ్డా, జర ఆగు" అంది బానో. "పండ్లు తెచ్చిన పల్చటి కవర్ ఒకటి ఇయ్యి."

కవరు చేతికి తొడిగి, గాజుల కిందికి దోపి, రెండో చేత్తో ఒక్కొక్కటే జార్చింది. నున్నటి కవరు మీద గాజులు జారుడు బల్ల మీద పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. ఒక్కటీ విరగలేదు. చేతులు బోసిగా అయ్యేసరికి మాత్రం ఆమెకు తన చేతులు తనకే ఎవరివో అనిపించాయి.

పక్క మంచం మీంచి ఒకామె చెయ్యి చాచింది. "చెల్లే, నావి గూడ తీయరాదు. పెండ్లినాడు ఏసిన గాజు తీసినా మొగుడు మారలే గని, పలగ్గొడితే ఊర్లె మొఖం సూపెట్టనియ్యరు."

ఆమె పేరు లచ్చవ్వ. ఆసిఫాబాద్ అవతల ఒక పల్లె, పత్తి చేనున్న మనిషి, మెథడిస్టు సంఘంలో పాటలు ఎత్తుకునేది ఆమేనట. ఆ గొంతు వింటే ఎవరైనా నమ్ముతారు. గుసగుసగా మాట్లాడితే వరండా దాకా, మామూలుగా మాట్లాడితే ఆసుపత్రి గేటు దాకా వినబడుతుంది. ఆమెకూ అదే ఆపరేషన్. బానో తన మంచం మీద కూర్చునే వార్డులో అందరి గాజులూ తీసి, ఎవరివి వాళ్ళకు రుమాళ్ళలో మూటగట్టి ఇచ్చింది. లోపలికి తీసుకుపోయేటప్పుడు లచ్చవ్వ ఆమె కోసం పెద్దగా ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ చెల్లె చేతులు సల్లగుండాలె. మావి ఇంక మళ్ల ఏయాలె గద" అని ముగించింది. బానో ఆమీన్ అంది. ఆ ఒక్క మాట ఇద్దరికీ ఒకటే.

మత్తు దిగాక రెండో రోజు నుంచి ఆ వార్డులో ఒకే ఒక ప్రశ్న. డాక్టరమ్మ పొద్దున వచ్చి ప్రతి మంచం దగ్గరా ఆగి, "గాలి పోయిందా?" అని అడిగేది. గాలి పోతే తిండి, పోకపోతే నీళ్ళ చుక్క. జీవితమంతా ఆ సంగతి నలుగురిలో దాచుకోవడం నేర్చుకున్న ఆడవాళ్ళు, దాని కోసం ఇట్లా ఎదురుచూడాల్సి వస్తుందని ఎన్నడూ అనుకుని ఉండరు. చుట్టాలు ఫోన్ చేసి అదే అడుగుతున్నారు. చాంద్‌పాషా కిటికీ బయటి నుంచి కనుబొమలెగరేసి అదే అడుగుతున్నాడు. చివరికి మధ్యాహ్నం, వార్డంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, లచ్చవ్వ మంచం వైపు నుంచి శుభవార్త వినిపించింది.

"దేవునికి స్తోత్రం" అంది లచ్చవ్వ. "సిస్టరూ, ఇడ్లీ తే."

బానో గులాబీ దిండు పొట్టకు అదుముకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే, "నవ్విపియ్యకక్కా, కుట్లు పోతయ్, దండం పెడ్త" అని బతిమాలింది. ఆ నవ్వుకో ఏమో, సాయంత్రానికి ఆమెకూ ఇడ్లీ వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పినవి చిన్న మాటలే. రోజూ నడవాలి, అన్నీ తినాలి, జ్వరం వచ్చినా కుట్ల దగ్గర చీము కనబడినా ఆగకుండా రావాలి. మూడు నెలలు బరువు ఎత్తకూడదు, బిందె కూడా. "గంప?" అని అడిగింది బానో. డాక్టరమ్మ నవ్వి, చీటీలో అది కూడా రాసింది.

కానీ డాక్టర్ల వైద్యం ఆసుపత్రి గేటు దాకానే. గేటు దాటాక అమలయ్యేది కాలనీ వైద్యం. దాని ప్రకారం కోత పడిన మనిషి చెవుల్లోంచి గాలి దూరి కుట్లలోకి పోతుంది. అందుకని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టాలి. దూది ఆ ఇంట్లో కొరత కాదు. చాంద్‌పాషా చెవికి ఎంత పడుతుందో అంతా పెట్టాడు, పరుపు నింపే చెయ్యి కదా. బానోకు లోకం బావిలోంచి వినబడసాగింది.

పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషి చేతిలో బ్రెడ్డు పొట్లం. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఈ వైపు రోగిని చూడబోయే మనిషి బ్రెడ్డు లేకుండా పోడు. రోగి బ్రెడ్డు తినడు, ఇంట్లోవాళ్ళు తిని తిని విసుగెత్తిపోతారు. బ్రెడ్డుతో పాటు ఒక పథ్యం కూడా ఇచ్చి పోతారు. ఒకామె వంకాయ తింటే చీము పడుతుందంది. ఒకామె పప్పు తింటే పొట్ట ఉబ్బుతుందంది. మూడో ఆమె వెల్లుల్లి కారం తప్ప ఏమీ వద్దంది. చాంద్‌పాషా అన్న పెళ్ళాం రోజూ బొక్కల సూప్ పంపింది. లైబా డాక్టరమ్మ ఇచ్చిన చీటీ గోడకు అంటించి, అందరికీ తల ఊపి, తల్లికి మాత్రం అన్నీ తినిపించింది. అందరూ అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న.

"అపెండిక్సేనా?"

"అపెండిక్సే" అనేది బానో.

"పాపం" అనేవాళ్ళు. ఆ పాపం అనే తీరులో ఏదో ఉందని ఆమెకు తోచేది. కానీ చెవుల్లో దూది ఉంది, సరిగ్గా పట్టుకోలేకపోయింది.

ఈలోపు బేరం ఆగకూడదని చాంద్‌పాషా ఒకనాడు మలారం భుజాన వేసుకుని బయలుదేరాడు. గడప గడపకూ ఆడవాళ్ళు వచ్చి ముచ్చటగా మాట్లాడారు, మంచినీళ్ళు ఇచ్చారు, బానో ఎప్పుడొస్తుందని అడిగారు. చెయ్యి మాత్రం ఎవ్వరూ ఇవ్వలేదు. పొద్దు గూకేసరికి మలారం పోయినంత బరువుతోనే తిరిగొచ్చింది.

"గీ గాజుల కన్న పరుపులే నయం" అన్నాడు మలారం దించుతూ. "అవి నన్ను జూసి సిగ్గుపడయి."

ఆపరేషన్ అయిన నెలకు అనుకుంటా, ఒక సాయంత్రం శంకరవ్వ ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చింది. చాయ్ తాగుతున్నారు. కోడలి సంగతులు చెబుతోంది. ఏడో నెల పడుతోంది, మంచి రోజు చూడాలి అంటోంది. అప్పుడే బానో ఫోన్ మోగింది. లైబా పెరట్లో ఉంది. చెవుల్లో దూది పెట్టుకున్న మనిషి ఫోన్ ఎట్లా మాట్లాడుతుంది? అలవాటు ప్రకారం స్పీకర్ నొక్కి ఒళ్ళో పెట్టుకుంది.

"చెల్లే" అంది లచ్చవ్వ గొంతు. గది నిండిపోయింది. "ఎట్లున్నవ్? గర్భసంచి తీసిన కాడ కుట్లు మానినయా? నాది మానింది గని లోపల ఉత్తగ ఉన్నట్టు అనిపిస్తది, సంత అయినంక మైదానం లెక్క. నీకెట్లనిపిస్తది?"

బానో వేలు ఫోన్ మీద ఎక్కడెక్కడో పడింది, స్పీకర్ మీద తప్ప.

"ఇంటున్నవా? గా గాలి ముచ్చట మా సంఘంల చెప్పిన, పాస్టరమ్మ నవ్వలేక సచ్చింది..."

ఎట్టకేలకు ఫోన్ ఆగింది. చాయ్ కప్పులు ఆగాయి. వచ్చిన ఇద్దరిలో ఒకామె, "అపెండిక్స్‌కు కొత్త పేరు పెట్టిన్రా ఏంది" అంది మెల్లగా. శంకరవ్వ నవ్వలేదు, కోప్పడలేదు. కొంగు సర్దుకుని లేచింది. "పొయ్యి మీద పాలు పెట్టచ్చిన" అని వెళ్ళిపోయింది. శంకరవ్వ ఇంట్లో పాలు పొద్దున్నే కాస్తారని కాలనీ అంతటికీ తెలుసు.

ఆ తర్వాత శంకరవ్వ ఆ లైను వైపే రాలేదు. రోజులు గడుస్తుంటే బానో నడక పెంచింది, పొట్టకు కట్టిన బెల్టు వదులు చేసింది, ముఖంలో రంగు వచ్చింది. రక్తం పదకొండుకు ఎక్కిందని డాక్టరమ్మ మెచ్చుకుంది. ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉండడం ఆమె మర్చిపోయి ఎన్నేళ్ళో. కానీ పచ్చ గాజుల డబ్బా చూసినప్పుడల్లా దాన్ని ఇంకో మూలకు జరిపేది. మంచిర్యాల దుకాణం నుంచి శంకరవ్వ గాజుల సెట్టు తెప్పిస్తోందట అని ఎవరో అన్నారు. ఎవరూ అనలేదని, నువ్వే అనుకున్నావని లైబా అంది.

అప్పుడు ఫోన్ వచ్చింది. శంకరవ్వ కాదు, మమతారాణి.

"బానత్తా, ఐతారం పొద్దుగాల రా. గాజులకు."

"మీ అత్త పిలువుమన్నదా బిడ్డా?"

"నేనే పిలుస్తున్న. అత్త ఏం అంటలేదు. ఔనంటలేదు, కాదంటలేదు. అట్ల ఆమె ఎప్పుడన్న ఉన్నదా, నువ్వే చెప్పు."

బానో ఆ రాత్రి చెవుల్లోంచి దూది పీకి పారేసింది. పోతే అబద్ధంతో పోకూడదని తేల్చుకుంది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన కడుపు అది. ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ముందు ఉన్నది చెప్పాలి. వద్దంటే గాజుల డబ్బా అక్కడ పెట్టి రావాలి.

ఆదివారం గంప చాంద్‌పాషా మోశాడు. శంకరవ్వ వాకిట్లో షామియానా, కుర్చీల్లో మగవాళ్ళు. లోపలి గదిలో ఆడవాళ్ళు, మధ్యలో పీట మీద మమతారాణి, కొత్త చీరలో, పసుపు కాళ్ళతో. శంకరవ్వ పళ్ళేలు సర్దుతోంది, తల ఎత్తలేదు. బానోను కింద కూర్చోనివ్వకుండా ఎవరో కుర్చీ వేశారు.

మమతారాణి చెయ్యి చాచింది. బానో పట్టుకోలేదు.

"జర ఆగు బిడ్డా" అంది. "ముందుగాల ఒక మాట. నాది అపెండిక్స్ గాదు. గర్భసంచి తీసేసిన్రు. దాచిన, తప్పయింది. మీకు మనసున లేకుంటే చెప్పుర్రి. నాకు కోపం రాదు. గాజులు మాత్రం గివే ఏయుర్రి, పిల్ల కోసమే తెచ్చిన."

మొదట మాట్లాడింది వినోద, మమతారాణి మేనత్త, ఆదిలాబాద్ నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు.

"ఆమెను అనుడు గాదు" అంది వినోద. "ఎనిమిదేండ్లకు నిలిచింది. మొదటి గాజు ఒక్కటి, అన్ని మంచిగున్నామె ఏస్తే అయిపాయె. తర్వాత బానో ఏస్తది. శంకరవ్వ వదినె, నువ్వే ఏయి."

శంకరవ్వ చేతిలోని పళ్ళెం కింద పెట్టింది.

"నేను ఏయరాదు" అంది.

"ఎందుకు?"

"నాది గూడ లేదు."

"ఏంది లేదు?"

"గదే. నా పెద్దకొడుకు పెండ్లికి ముందుగాల కరీంనగర్‌ల తీసేసిన్రు. అపెండిక్స్ అని చెప్పిన." ఆమె బానో వైపు తిరిగింది. "ఆనాడు నీ ఫోన్ల గా మనిషి మొత్తుకునేసరికి నా గుండె జారింది. నీ ముచ్చట తీస్తే నాది ఎక్కడ బయటవడ్తదో అని ఉరికిన. పాలు లేవు, గీలు లేవు."

వినోద తల అటూ ఇటూ తిప్పింది. "అయితే రాజవ్వత్తా, నువ్వు రా."

గోడ వారన కూర్చున్న రాజవ్వ కాళ్ళు ముడుచుకుంది. "నన్నెందుకు లేపుతున్నవ్ తల్లి. నాది పోయి శానేండ్లాయె."

"నీదీ అపెండిక్సేనా?" అంది ఎవరో.

"నేను హెర్నియా అని చెప్పిన. అప్పటికే అపెండిక్స్ మస్తు మంది చెప్పిన్రు."

అక్కడ మొదలైంది నవ్వు. కిటికీ దగ్గరామె తనదీ లేదని చెయ్యెత్తింది. ఆమె పక్కనామె, "నాకు ఉన్నది గని మొగుడు లేడు, పనికొస్తనా?" అంది. ఆ లెక్కన కాలనీలో ఎంతమంది కడుపుల్లో అపెండిక్స్ భద్రంగా ఉన్నదో, ఎంతమంది దాని పేరు చెప్పి ఏమేం తీయించుకున్నారో ఆ పొద్దున తేలిపోయింది. చివరికి, అడుగుతున్న వినోదను పక్కన పెడితే, అన్నీ సక్రమంగా ఉన్న మనిషి గదిలో ఒక్కతే మిగిలింది, చంటిపిల్లను ఎత్తుకున్న మమతారాణి స్నేహితురాలు.

"నేనా?" అంది ఆ పిల్ల బెదిరి. "నాకు మట్టిగాజులు ఏసుడు రాదు. నేను ఆన్‌లైన్ల మెటల్‌వి తెప్పిచ్చుకుంట."

మమతారాణికి ఓపిక అయిపోయింది. "మీ పంచాయితీ తెగేదాక నా కాళ్లు మొద్దుబారినయ్. గీ గదిల ఇంతమందికి సంచులు లేవు. అందరు నా పెండ్లికి అక్షింతలేసినోళ్లే, నాకు పసుపు రాసినోళ్లే. నాకేమైంది? బానత్తా, ఏయి."

శంకరవ్వ వచ్చి కోడలి చెయ్యి తీసి బానో చేతిలో తానే పెట్టింది.

నీరు పట్టి చెయ్యి కొంచెం ఉబ్బి ఉంది. బానో దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని మెల్లగా ఒత్తింది. వేళ్ళ వరకు, మళ్ళీ వెనక్కి. ఎన్ని నెలలైందో ఇట్లా ఒక చెయ్యి చేతిలోకి వచ్చి. పచ్చ గాజు ఎముక దగ్గర ఒక్క క్షణం ఆగింది. గాజు దాటింది. ఆ తర్వాతవి తమంతట తామే వచ్చినట్టు వచ్చాయి, ఒక చేతికి ఒకటి ఎక్కువ, ఆనవాయితీ ప్రకారం. శంకరవ్వ ఒడి నింపింది. బియ్యం మామూలు కంటే ఎక్కువే పోసింది, లైబా "అమ్మీ బరువు ఎత్తొద్దు" అని సగం తన చున్నీలోకి మార్చుకుంది.

తర్వాత అందరూ చేతులు చాచారు. ఆఖరున వినోద వచ్చి, కుర్చీ పక్కన కింద కూర్చుంది. ఎర్ర గాజులు చూపించింది. బానో ఆమె చెయ్యి పట్టుకునేసరికి చల్లగా, చెమటతో ఉంది.

"నేను అట్ల అన్నది మనసుల పెట్టుకోకు" అంది వినోద, గొంతు తగ్గించి. "నాకు గూడ తియ్యాలంటున్నరు. వచ్చే నెల. ఎవ్వలకు చెప్పలే. నొప్పి మస్తుంటదా?"

బానో ఎర్ర గాజు పక్కన పెట్టింది. "ఇంకో డాక్టర్‌కు చూపిచ్చినవా?"

"లేదు."

"ముందు చూపియ్యి. ఆయన గూడ తియ్యాలంటే, గప్పుడు తీయించుకో. నొప్పి ఉంటది గని ఓర్సుకునేదే. రెండు నెలలైనంక నువ్వే అంటవ్, గిన్నొద్దులు ఎందుకు మోసిన అని."

"తీసినంక... ఎట్లుంటది?"

ఆ ప్రశ్న రాజవ్వ చెవిన పడింది. ఆమె దగ్గరికి జరిగింది. శంకరవ్వ కూడా పళ్ళేలు వదిలేసి వచ్చింది. కిటికీ దగ్గరామె వచ్చింది. కుట్లు నిలువా, అడ్డమా, ఎవరు ఎన్ని రోజులు పడుకున్నారు, ఎవరి మొగుడు అన్నం వండాడు, ఎవరి మొగుడు పుట్టింటికి పంపాడు, ఎవరికి ముచ్చెమటలు పోశాయి, ఒకరి మాట మీద ఒకరు. ఏళ్ళ తరబడి అపెండిక్స్ కింద దాగిన సంగతులన్నీ ఒక్కసారే బయటికి రావాలని తోసుకుంటున్నాయి. వినోద ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. ఆమె భుజాలు కిందికి దిగాయి, తెలియకుండానే రెండో చెయ్యి కూడా బానో ఒళ్ళో పెట్టింది.

బయట షామియానా కింద మగవాళ్ళకు ఆకలి దంచుతోంది. వంటవాళ్ళు బగారన్నం మూత రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టారు. లోపలి నుంచి నవ్వులు తెరలు తెరలుగా వస్తున్నాయి.

"ఏం నడుస్తుంది లోపల?" అని మమతారాణి మామ చాంద్‌పాషాను అడిగాడు.

"గాజులేస్తున్రు" అన్నాడు చాంద్‌పాషా. "ఇంకో గంట పడ్తది."